ఏడో బ్యాచ్

బ్రోనెక్ ఇంటికీ నా ఇంటికీ ఉన్నది ఒకటే గోడ.
ప్షిమోజెలో, సముద్రపు అలలా వంకర తిరిగిన
ఈ పొడవాటి బిల్డింగులో
ఒకరి దగ్గు మూడిళ్లకి వినిపిస్తుంది.

నవంబరు మొదటి ఆదివారం
వాసన మెట్లమీదే ఎదురొచ్చింది.
మాడిన రొట్టె, పొగలో ఎండిన ఆల్‌బుకరా,
ఇంకేదో తీపి, పేరు పెట్టలేనిది.
తలుపు తట్టాను, "ఏం తగలబెడుతున్నావు?" అని.

పెద్ద గిన్నెలో మూడు గంటలుగా ఉడుకుతోంది
గేరుపెట్టెలో నూనెలాంటి నలుపు.
ఇరవై రెండేళ్లు షిప్‌యార్డులో క్రేన్ నడిపిన చెయ్యి
చెక్కతెడ్డుని అదే నిదానంతో తిప్పుతోంది,
కింద ఎవరో మనిషి నిలబడి ఉన్నట్టు.

గోడకి గళ్లకాయితం, పెన్సిల్ రాత.
ఎవర్నీ అడిగి రాసింది కాదు.
మ్యూనిక్ మాల్ట్ ఏడు కిలోలు.
రై రొట్టె అంచులు, పెనంమీద బొగ్గుకి ఒక్క అడుగు ముందు ఆపాలి.
ఆల్‌బుకరా, గింజ తీసి, నాలుగు వందల గ్రాములు.
ఆఖరి వరసలో ఏమీ లేదు,
ఒక ప్రశ్నార్థకం తప్ప.
"అదేమిటి?"
"ఇంకా తెలీదు. ఏదో తక్కువవుతోంది."

మొదటిది వెనిగరైంది.
మూడోదాన్ని పేరంటానికొచ్చినట్టు అందరూ రుచి చూశారు,
రెండో గ్లాసు ఎవరూ అడగలేదు.
నాలుగోది బీరువాలో పేలింది. చలికోట్లు ఇప్పటికీ జిగురు.
ఐదూ ఆరుల సంగతి చెప్పడు.

నాది ఊపిరితిత్తుల వార్డులో రాత్రి డ్యూటీ.
ఎవరు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో
లెక్కపెట్టి చీటీమీద రాయడమే పని.
సెలవు రాత్రుల్లోనూ చెవి ఊరుకోదు.
గోడ అవతల, డ్రమ్ము మూతకున్న గొట్టంలో,
టుప్.
మళ్లీ టుప్.

మూడో రోజు నిమిషానికి నలభై.
వార్డులో అయితే డాక్టర్ని లేపేదాన్ని.
తొమ్మిదో రోజు పదహారు. మంచి లెక్క. నిద్రపట్టింది.
పన్నెండో రాత్రి
ఒకటి విన్నాక రెండోదానికోసం పడుకుని ఉన్నాను.
రాలేదు.

చెప్పుల్లేకుండా వెళ్లి తలుపు బాదాను.
బనీనుతో, కళ్లు నులుముకుంటూ బ్రోనెక్.
ఎవరికి ఏమైందని పరిగెత్తుకొచ్చానో
ఒక్క క్షణం నాకే తెలియలేదు.
"ఆగిపోయింది," అన్నాను.

గాజుగొట్టంలో పోసి చూశాడు.
తీపి సగానికి సగం అలాగే ఉంది.
బాల్కనీ తలుపు సందులోంచి గాలి,
ఈస్ట్ ముడుచుకుని అడుక్కి చేరిపోయింది.
ఇంటికెళ్లి నా కరెంటు దుప్పటి తెచ్చాను.
రోగికి చుట్టినట్టే చుట్టాను,
అంచులు లోపలికి మడిచి.
తను డ్రమ్ముని రెండు చేతుల్తో పట్టుకుని
కొంచెం అటు, కొంచెం ఇటు.

తెల్లారేదాకా స్టూళ్లమీద కూచున్నాం.
టీ చల్లారింది.
క్రేన్ గదిలో ఏమీ వినిపించేది కాదట.
నలభై మీటర్ల కింద మనుషులు చేతుల్తో మాట్లాడేవాళ్లట.
అంతే చెప్పాడు. నేనూ పొడిగించలేదు.

ఆరూ పదికి, మొదటి ట్రామ్ వెళ్లాక,
టుప్.
ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూడలేదు.
కాయితం పక్కన టైము రాసుకున్నాడు.

సీసాలు ఒక చలికాలం బాల్కనీలో మంచుకింద,
ఒక వేసవి మంచంకింద.
నిన్న మొదటిది తీశాడు.
నురుగు చెరకుపాకం రంగు.
ముందు పండు, వెనకాల పొగ,
మింగేసి మాట్లాడబోతుంటే
ఛాతీలో ఎవరో ఆలస్యంగా దీపం వెలిగించినట్టు వేడి.
"రొట్టె ఎక్కువైంది," అన్నాడు.
అవును, నాలుక చివర కాస్త చేదు.
రెండో గ్లాసు నేనే అడిగాను.

పెన్సిల్ తీసుకుని ప్రశ్నార్థకం కొట్టేశాడు.
దానికి ఏదో పేరు పెడతాడనుకున్నా.
రాసిందిది:
దుప్పటి. ఒకటో నంబరు మీద.

ఇవాళ గోడ అవతల ఏమీ లేదు.
ఎనిమిదోది వచ్చే ఆదివారమట.
ఈలోగా రెండు స్వెటర్లు వేసుకుని పడుకుంటున్నాను.